మా పురుగు మీ చార్టులో లేదు

ఏజెన్సీ బడుల గోడలు చూస్తూ వెళ్లండి. ఒక్కటి చూసి ఆగకండి, పది బడులు చూడండి. సింహం ఉంటుంది. జిరాఫీ ఉంటుంది. మంచుగడ్డ మీద నిలబడ్డ పెంగ్విన్ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరమాల చివర జీబ్రా ఉండి తీరుతుంది. సింహం మన దేశంలో అడవిలో బతికేది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే. జిరాఫీ, జీబ్రా ఆఫ్రికావి. పెంగ్విన్ దక్షిణ సముద్రాలది. ఆ గోడకు అవతల మద్దిచెట్టు మీద బెట్టుడత కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటుంది. చెదపుట్ట పక్కన అలుగు రాత్రి తవ్వి వెళ్లిన గుంట ఉంటుంది. వాటికి గోడ మీద చోటు లేదు.

గోడే కదా, రంగులే కదా అని తీసిపారేయకండి. ఆరేళ్ల పిల్ల బడిలో అడుగుపెట్టిన రోజునే ఆ గోడ ఒక మాట చెప్తుంది: నువ్వు ఇంతవరకు చూసిందేదీ చదువు కిందికి రాదు, నువ్వెప్పుడూ చూడనిదే చదువు. ఆ మాట ఎవరూ నోటితో అనరు. అనాల్సిన పని కూడా లేదు. ఐదేళ్ల పాటు రోజూ కళ్లముందు ఉంటే చాలు, పిల్ల నమ్మేస్తుంది. నమ్మిన తర్వాత తన ఊరి జీవుల పేర్లు పలకడానికి సిగ్గుపడుతుంది. అడవిలో పుట్టిన బిడ్డకు అడవి తెలియకుండా చేసే పద్ధతి ఇది. దీన్ని మేము ప్రశ్నిస్తున్నాం.

హాజరు పట్టీలోని అడవి

పాడేరు, అరకు వైపు బడుల్లో పొద్దున హాజరు పిలిచేటప్పుడు వినండి. కిల్లో, కొర్రా, గొల్లోరి, వంతల, పాంగి, కిముడు. ఇవి వట్టి ఇంటిపేర్లు కావు, వంశాల గుర్తులు. కిల్లో అంటే పులి. కొర్రా అంటే సూర్యుడు. గొల్లోరి అంటే కోతి. వంతల అంటే పాము. పాంగి అంటే గద్ద. కిముడు అంటే ఎలుగు. ఏ జీవి పేరు మీద వంశం నిలబడిందో ఆ జీవిని ఆ వంశం వాళ్లు చంపకూడదు, తినకూడదు. ఒకే గుర్తు ఉన్నవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి సంబంధం కుదరదు. జీవిని కాపాడుకోవడం, మనుషుల బంధుత్వాన్ని లెక్కగట్టుకోవడం రెండూ ఒక్క పేరులో పెట్టుకున్న జాతులివి.

రోజూ ఉదయం పులిని, పామును, గద్దను, ఎలుగును పేరుపెట్టి పిలిచే టీచరు, హాజరు పట్టీ మూసి, ‘ఇప్పుడు జంతువుల గురించి నేర్చుకుందాం’ అని జీబ్రా చార్టు విప్పుతాడు. తరగతిలో కూర్చున్న ముప్పై మందిలో సగం మంది జీవుల పేర్లు మోస్తున్నవాళ్లే అని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క పట్టీ నుంచే సంవత్సరానికి సరిపడా పాఠాలు పుట్టవూ? మీ ఇంటిపేరు జీవి ఏది, అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, మీ తాత దాని గురించి ఏం చెప్పాడు, మీరు ఎప్పుడైనా చూశారా, చూస్తే బొమ్మ వేయండి, నాలుగు మాటలు రాయండి. ఇందులో బొమ్మ ఉంది, జీవశాస్త్రం ఉంది, రాత ఉంది, చరిత్ర కూడా ఉంది. పైసా ఖర్చు లేదు.

ప్రాజెక్టు పని అనే తంతు

ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూద్దాం. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. ఉద్దేశం మంచిదే. పిల్లలు చూసి, అడిగి, సేకరించి, బొమ్మ వేసి, రాసి చూపాలని దాన్ని పెట్టారు. ఆచరణలో ఏమైంది? ‘ఐదు జంతువుల బొమ్మలు అతికించి, ఒక్కోదాని గురించి మూడు వాక్యాలు రాసుకు రండి’ అని బోర్డు మీద రాస్తారు. ఆశ్రమ పాఠశాల పిల్లలు సంత రోజున ఇంటినుంచి వచ్చిన అమ్మ దగ్గర డబ్బులు అడిగి, అచ్చువేసిన బొమ్మల చార్టు కొంటారు. కత్తిరిస్తారు. జిగురుతో అతికిస్తారు. గైడులో ఉన్న మూడు వాక్యాలు ఎక్కిస్తారు. ‘పులి మన జాతీయ జంతువు. పులి మాంసాహారి. పులి అడవిలో నివసిస్తుంది.’ తరగతిలో అందరి కాగితాలూ ఒకేలా ఉంటాయి. అందరికీ టిక్కు పడుతుంది. అధికారి వచ్చినప్పుడు చూపడానికి కట్టకట్టి బీరువాలో పెడతారు.

ఈ పనిలో బొమ్మ ఉంది కాని గీసిన చెయ్యి లేదు. జంతువు ఉంది కాని చూసిన కన్ను లేదు. రాత ఉంది కాని పిల్ల సొంత మాట ఒక్కటీ లేదు. మార్కులు మాత్రం ఉన్నాయి. చార్టు కొనలేని పిల్లకు అవి కూడా లేవు. ఏమీ చూడకుండా కొనుక్కొచ్చినవాడు పాసు, అన్నీ చూసి కొనలేనిది ఫెయిలు. దీనికి విజ్ఞానం అని పేరు.

నెమలి వ్యాసం చూడండి. ‘నెమలి మన జాతీయ పక్షి. నెమలి అందమైన పక్షి. నెమలి వానలో నాట్యం చేస్తుంది.’ ఆసిఫాబాద్ జిల్లాలో గోండు పిల్ల కూడా ఇదే రాస్తుంది. ఆ పిల్ల ఊళ్లో దీపావళికి ముందు దండారి మొదలవుతుంది. గుస్సాడీ వేషం వేసేవాళ్ల తలమీద నెమలి ఈకల టోపీ ఉంటుంది, దాన్ని మల్ బూర అంటారు. మల్ అంటే గోండీలో నెమలి. మగ నెమలి పొడుగు ఈకలు వానాకాలం జత కట్టే కాలం అయిపోయాక రాలిపోతాయని, మళ్లీ కొత్తవి వస్తాయని, ఆ పొడుగు ఈకలు అసలు తోక కాదని, తోకను కప్పి ఉండే ఈకలని పక్షిశాస్త్రం చెప్తుంది. రాలే కాలం వానలు వెనకబట్టే రోజులు, పండగ కాలం ఆ వెంటనే. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఎంత పాఠం ఉంది! గుస్సాడీ నృత్యానికి మార్లవాయి గ్రామ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఢిల్లీకి కనిపించిన ఈక, ఊరి బడి నోటుబుక్కుకు కనిపించదు.

మా పెద్దలకు మూడూ ఒక్కటే

బొమ్మ వేరు, సైన్సు వేరు, రాత వేరు అని టైం టేబులు విడదీసింది. ఒక పీరియడులో డ్రాయింగు, ఇంకో పీరియడులో పరిసరాల విజ్ఞానం, మరో పీరియడులో తెలుగు. డ్రాయింగు పీరియడు చాలా చోట్ల లెక్కల పీరియడుగా మారిపోతుంది, అది వేరే సంగతి. మా పెద్దలకు ఈ విభజన లేదు. సవరలు ఇంటి గోడ మీద వేసే చిత్రాన్ని ఇడితల్ అంటారు. ‘ఇడ్’ అంటే రాయడం, గీయడం. గోడ మీద రాసినది అని అర్థం. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో వేస్తారు. ఏనుగు, గుర్రం, నెమలి, బల్లి, చెట్టు, మనిషి, సూర్యుడు, చంద్రుడు ఒకే చట్రంలో ఉంటారు. రాయడం, గీయడం వాళ్లకు ఒక్క మాటే.

ఇది మా ఒక్కరి విడ్డూరం అనుకోవద్దు. తెలుగులో కూడా పాతరోజుల్లో చిత్రం ‘వ్రాసేవారు’. నిఘంటువు తీసి చూడండి, వ్రాయు అంటే చిత్రించు అనే అర్థం కూడా ఉంది. మీ భాష మరిచిపోయిన సంగతి మా భాష మరిచిపోలేదు. అంతే తేడా.

గీయాలంటే చూడాలి. చూడాలంటే లెక్కపెట్టాలి. తొలకరి పడగానే, ఆరుద్ర కార్తెలో, తడి నేల మీద ఎర్రని మఖమల్ ముద్దలా నడుస్తూ ఆరుద్ర పురుగు వస్తుంది. మిగతా కాలమంతా మట్టిలోనే ఉంటుంది. మన పిల్లల్లో దాన్ని అరచేతిలో పెట్టుకోనివాళ్లు లేరు. దాని బొమ్మ వేయమనండి. వేయాలంటే కాళ్లు ఎన్నో లెక్కపెట్టాలి. ఎనిమిది. పక్కనే చీమను చూసి బొమ్మ వేయమనండి. ఆరు. సాలీడును వేయమనండి. ఎనిమిది. అప్పుడు అడగండి: ఆరుద్ర పురుగు చీమకు చుట్టమా, సాలీడుకు చుట్టమా? మూడో తరగతి పిల్ల జీవుల వర్గీకరణ అనే పాఠాన్ని తన వేలితో కనిపెట్టేసింది. పేరులో పురుగు అని ఉన్నా అది కీటకం కాదని, సాలీడు బంధువని తెలిసింది. ఈ పాఠం ఏ చార్టు చెప్పగలదు? అచ్చు బొమ్మల్లో సాలీడుకు ఆరు కాళ్లు వేసి అమ్మినా అతికించేవాడికి తెలియదు. గీసేవాడికి తెలుస్తుంది.

మామిడి చెట్టు మీద ఆకులను కలిపి కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలు ఉన్నాయి. వాటి పచ్చడి తినని ఊరు మాలో తక్కువ. పెద్ద చీమలకు దారం తీసే శక్తి లేదు. దారం వచ్చేది పిల్ల పురుగుల నోటినుంచి. కొన్ని చీమలు ఆకుల అంచులు దగ్గరికి లాగి పట్టుకుంటాయి. మరికొన్ని పిల్ల పురుగును దవడల మధ్య పట్టుకుని, మగ్గం మీద నాడె ఆడించినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆడిస్తాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు గంటల తరబడి చెట్టు కింద కూర్చోవాలి. మా పిల్లలు ఆ చెట్టు కిందే పెరిగారు. వాళ్లను కూర్చోబెట్టి ‘చూసింది గియ్యి, గీసింది చెప్పు, చెప్పింది రాయి’ అనే టీచరు కావాలి. ఈ మూడు మాటలు చాలు. ఇంతకు మించిన బోధనా పద్ధతి మాకు అక్కర్లేదు.

దసలి పురుగు చెప్పే పాఠం

సీతాకోకచిలుక జీవితచక్రం ప్రతి బడిలోనూ చెప్తారు. గుడ్డు, గొంగళి, ప్యూపా, చిలుక. నాలుగు బాణం గుర్తులు, ఒక వృత్తం. పిల్లలు ఆ వృత్తం కంఠస్థం పడతారు. చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపు అడవుల్లో మన కుటుంబాలు మద్దిచెట్ల మీద దసలి పట్టు పురుగులను సాకుతాయి. ఆ ఇంటి పిల్లకు జీవితచక్రం వృత్తంలా ఉండదు, కాపలాలా ఉంటుంది. గుడ్లు ఎనిమిది పది రోజుల్లో పగులుతాయి. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. చర్మం విడిచే రోజుల్లో తినదు, కదలదు, ఆ సమయంలో చెట్టు కదిపితే అమ్మ తిడుతుంది. చీమలు, కందిరీగలు, పక్షులు ఎత్తుకుపోతాయి, అందుకే పొద్దున్నుంచి చీకటి పడేదాకా చెట్ల కింద మనిషి ఉండాలి. నెల, నెలన్నర అయ్యాక పురుగు కొమ్మకు ఒక కాడ చుట్టి, ఆ కాడకు గూడు వేలాడదీస్తుంది. అందులోంచి వచ్చే రెక్కల పురుగుకు తినే నోరు పనిచేయదు. జత కట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చనిపోతుంది. తిండి అంతా గొంగళిగా ఉన్నప్పుడే తినేసింది.

ఈ పిల్ల బడికి వచ్చాక ఆమెను దేని గురించి అడుగుతున్నాం? మల్బరీ గురించి. ఆమె చూడని ఆకు గురించి.

ఆ ఇంటి పిల్లలతో ఒక పుస్తకం చేయించండి. వారానికి ఒక పేజీ. పైన బొమ్మ, కింద రాత. ఈ వారం పురుగు ఎంత పొడుగుంది, గడ్డిపరకతో కొలిచి గీయాలి. ఏ రంగు. పక్కల మెరిసే చుక్కలు ఉన్నాయా. ఏ జీవి దాన్ని తినడానికి వచ్చింది. అమ్మ ఏం చేసింది. గూడు అమ్మితే ఎంత వచ్చింది, ఎవరు కొన్నారు. రంగులకు షాపుకు పోనక్కర్లేదు. బొగ్గు నలుపు, ఎర్రమట్టి ఎరుపు, సున్నం తెలుపు, పసుపు, చిక్కుడాకు పసరు, మోదుగ పువ్వు ఉన్నాయి. చివరికి ఎనిమిది పది పేజీల పుస్తకం తయారవుతుంది. దాంట్లో సైన్సు ఉంది, కొలతలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి, అమ్మ కష్టం ఉంది, దళారీ మోసం కూడా ఉంది. కాబట్టే అలాంటి పుస్తకం కొందరికి నచ్చదు. సీతాకోకచిలుక వృత్తంలో దళారీ ఉండడు.

పేరు లేని గురువులు

బొమ్మ, జీవి, రాత కలిపి విజ్ఞానం చేయడం చిన్నపిల్లల ఆట అనుకునేవాళ్లు ఒక చరిత్ర వినాలి. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి 1699లో యూరప్ నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. అప్పుడది డచ్చివాళ్ల వలస. గొంగళులు ఏ ఆకు తింటాయో, ఏ గూడులోంచి ఏ చిలుక వస్తుందో కళ్లారా చూసి, ఆకుతో సహా బొమ్మ వేసి, పక్కన రాసి 1705లో పుస్తకం అచ్చువేసింది. కీటకాల శాస్త్రానికి ఆ పుస్తకం ఒక పునాది. దాన్ని మేము గౌరవిస్తాం. అయితే ఆ మొక్కల సంగతులు, వాటి వాడకం ఆమెకు చెప్పినవాళ్లలో అక్కడి ఆదివాసీ స్త్రీలు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా స్త్రీలు ఉన్నారు. ఆ సంగతి ఆమే రాసింది. వాళ్ల పేర్లు మాత్రం రాయలేదు. మూడు వందల ఏళ్లు గడిచాయి. చిత్రకారిణి పేరు లోకానికి తెలుసు. చెప్పిన ఆడవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

మా పిల్లలు కాగితం, పెన్సిలు పట్టుకోవాలని మేము పట్టుబట్టేది అందుకే. చెప్పేవాళ్లుగా మిగిలిపోతే పేరు పోతుంది. గీసి, రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ సంతకంలో గొల్లోరి ఉండాలి, మడావి ఉండాలి, సవర ఉండాలి.

మమ్మల్ని తోరణంలా వేలాడదీయకండి

ఇంకో రకం పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లకు గిరిజన కళ అంటే ప్రాణం. ఆగస్టు 9 వచ్చిందంటే ఆఫీసుల గోడలకు బొమ్మలు వేయిస్తారు. ఏం బొమ్మలు? త్రికోణాల మనుషులు, గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడే వార్లీ బొమ్మలు. వార్లీలు మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దుల్లోని మా అన్నదమ్ములు, వాళ్ల కళ గొప్పది. కాని సవర ఊరి బడికి, కోయ ఊరి బడికి, కొలాం గూడెం బడికి వార్లీ బొమ్మ ఎందుకు? పెయింటరుకు ఫోనులో అదే దొరికింది కాబట్టి. ఆదివాసీ అంటే అందరూ ఒకటే అనుకునే చూపు అది. జీబ్రాను తీసి వార్లీని పెడితే మా పిల్లకు ఒరిగేదేమీ లేదు. రెండూ ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవే.

అలాగని ఇడితల్ తెచ్చి డ్రాయింగు క్లాసులో నలభై మందితో వేయించమని మేము అడగడం లేదు. అది అలంకరణ కాదు. రోగం వచ్చినప్పుడు, పంట చేతికొచ్చినప్పుడు, చనిపోయినవారి కోసం, పూజారి చెప్పినప్పుడు, దేవతకు ఇల్లుగా వేసేది. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి అచ్చువేసిన పుస్తకంలో కూడా ఇది స్పష్టంగా ఉంది. బడిలో వేయదగినవి, వేయకూడనివి ఏవో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. మందు చెట్ల విషయం కూడా అంతే. వెజ్జు కొడుకు తండ్రి మందు మొక్క బొమ్మ వేసి, వాడే తీరు రాసి గోడకు అంటిస్తే, రేపు దాన్ని ఫోటో తీసుకుపోయేవాళ్లకు కొదవ లేదు. ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నిర్ణయించే హక్కు జాతిది.

పాటన్‌గఢ్‌లో ఇంటి గోడల మీద జంతువుల బొమ్మలు వేసిన గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్ భారత్ భవన్ చేరి, 1989లో పారిస్ ప్రదర్శన దాకా వెళ్లాడు. ఆయన తర్వాత ఆ ఊరు చిత్రకారుల ఊరయింది. యువకులారా, మన జీవులను మన చేతితో గీస్తే ప్రపంచం తలెత్తి చూస్తుందనడానికి అది రుజువు. కాని 2001లో ఆయన జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ, సొంత ఊరికి దూరంగా ప్రాణం తీసుకున్నాడు. కళను కొనేవాళ్లు మనిషిని కాపాడతారని నమ్మకండి. మన పిల్లల బొమ్మలు మొదట మన ఊరికోసం ఉండాలి, తర్వాతే ఎగ్జిబిషన్ కోసం.

ఏ భాషలో రాయాలి?

పిల్ల గీసింది. ఇప్పుడు రాయాలి. ఏ భాషలో? చేపను గోండీలో మీన్ అంటారు. పిల్ల ‘మీన్’ అని రాస్తే తప్పు అని ఎర్ర సిరా గీత పడుతుంది. మీనరాశిలో మీనం తప్పు కానిది, మా పిల్ల నోట్లో మీన్ ఎలా తప్పయింది?

గిడుగు రామమూర్తి పుట్టిన రోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. దండలు వేస్తారు. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు నడిపి, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చువేయించిన సంగతి ఆ వేదికల మీద ఎంతమంది చెప్తారు? మార్లవాయిలో 1940లలో హైమండార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చి గోండీ వాచకాలు తయారుచేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్య కింద గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా, ఎనిమిది భాషల్లో పుస్తకాలు వచ్చాయి. అందులో మా ఊరి చెట్లు, మా జీవులు ఉన్నాయి. ఆ ప్రయత్నాన్ని పెంచి పెద్దచేయాల్సింది పోయి నీరుగార్చారు.

చట్టానికి కొదవ లేదు. రాజ్యాంగంలో 350-ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలో, పిల్లలు స్వయంగా పనులు చేస్తూ, అన్వేషిస్తూ నేర్చుకోవాలంటుంది. ‘సాధ్యమైనంతవరకు’ అన్న ఒక్క మాట పట్టుకుని ఏమీ చేయకుండా కూర్చున్నారు. ఆ భాష తెలిసిన టీచరు ఉంటేనే ఏదైనా సాధ్యం. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన 2000 సంవత్సరపు జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తీర్పు ఉద్యోగాల గొడవ మాత్రమే అనుకున్నవాళ్లు ఉన్నారు. కాదు. మూడో తరగతి పిల్ల ‘మీన్’ అన్నప్పుడు అర్థమయ్యే మనిషి తరగతిలో ఉంటాడా లేదా అన్నది ఆ తీర్పుతో ముడిపడి ఉంది.

మాకు చెప్పే మాటలు, మా జవాబులు

‘మీ పిల్లలు అడవిలోనే ఉండిపోవాలా? ప్రపంచం తెలియొద్దా?’ అంటారు. తెలియాలి. పెంగ్విన్ కూడా తెలియాలి. ముందు గిజిగాడి గూడు గీసిన పిల్లకు పెంగ్విన్ చూపండి. ఇది గూడు ఎక్కడ పెడుతుంది, గుడ్డును చలినుంచి ఎలా కాపాడుతుంది అని ఆ పిల్లే అడుగుతుంది. దగ్గరిది చూసినవాడే దూరందాన్ని ప్రశ్నించగలడు. ఏదీ చూడనివాడు రెండింటినీ కంఠస్థం చేస్తాడు.

‘పోటీ పరీక్షలకు ఇవి పనికిరావు’ అంటారు. పరీక్షలో మా పిల్లలు వెనకబడేది ఎక్కడ? సొంతంగా ఒక వాక్యం రాయమన్నప్పుడు. కారణం చెప్పమన్నప్పుడు. ఐదేళ్లు గైడు ఎక్కించిన చెయ్యి ఆరో ఏడు అకస్మాత్తుగా సొంత వాక్యం రాయలేదు.

‘మాకు మీ భాష రాదు, మీ జీవులు తెలియవు’ అని మైదానం నుంచి వచ్చిన టీచర్లు కొందరు నిజాయితీగానే అంటారు. మిత్రులారా, మీకు తెలియకపోవడమే ఇక్కడ మంచి అవకాశం. పిల్లలను అడగండి. తెలిసిన జవాబుకోసం అడిగే ప్రశ్నను పిల్లలు పసిగడతారు. తెలియక అడిగే ప్రశ్నకు కళ్లు వెలిగించుకుని జవాబు చెప్తారు. ఒక్క వారం ఆ జవాబులు మీ నోటుబుక్కులో రాసుకోండి. మీకు పాఠ్యపుస్తకం తయారవుతుంది.

‘పిల్లలు వేట గురించి రాస్తారు, ఫారెస్టు వాళ్లతో గొడవ’ అని భయపడేవాళ్లు ఉన్నారు. అలుగు, ఎలుగు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. ఆ సంగతి పిల్లలకు చెప్పండి. మా వంశాల కట్టుబాటు అంతకంటే పాతదని కూడా చెప్పండి. జీవులను పట్టుకుని సీసాల్లో పెట్టించకండి, గుండుసూదులు గుచ్చించకండి. చూడాలి, గీయాలి, వదిలేయాలి. కాని ఒక పిల్ల ‘మా తాత వేటకు పోయాడు’ అని రాస్తే, ఆ కాగితం సాక్ష్యం కాదు, రచన. రచనను కొట్టకండి, దాచిపెట్టకండి, మరొకరికి అప్పగించకండి.

మన ఉద్యోగుల ఇళ్లకు కూడా ఒక మాట. ఉట్నూరులో, భద్రాచలంలో, పాడేరులో ఇల్లు కట్టుకుని, పిల్లలకు గోండీ, కోయ, కువి మాట రానివ్వకుండా పెంచుతున్న కుటుంబాలు ఉన్నాయి. వేసవిలో ఆ పిల్లలను పదిహేను రోజులు ఊరికి పంపండి. అవ్వ వెనక ఇప్ప పువ్వు ఏరడానికి పంపండి. చేతిలో ఒక పెన్సిలు, ఒక నోటుబుక్కు పెట్టి పంపండి.

మేము అడిగేవి

1. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో ప్రాజెక్టు పనికి కొన్న చార్టు, అతికించిన అచ్చు బొమ్మ చెల్లవని ఐటీడీఏలు స్పష్టంగా చెప్పాలి. పిల్ల చూసి గీసిందానికే మార్కులు ఇవ్వాలి. గీత వంకరగా ఉందని మార్కు తగ్గించకూడదు.

2. జీవి పేరు మొదట పిల్ల భాషలో, తర్వాత తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో రాయించాలి. మొదటి పేరుకు ఎర్ర సిరా తగలకూడదు.

3. ప్రతి బడిలో ఏడాదికి ఒక జీవుల పుస్తకం పిల్లల చేతులతో తయారు కావాలి. అది బడిలోనే, ఊరి సొత్తుగా ఉండాలి. ఫోటో తీయాలన్నా, అచ్చు వేయాలన్నా ఊరిని అడగాలి. పిల్ల పేరు వేయాలి.

4. నెలకు ఒకరోజు ఊరి పెద్దను, తేనె తీసేవాళ్లను, దసలి సాకేవాళ్లను, చేపల బుట్ట అల్లేవాళ్లను బడికి పిలవాలి. వాళ్లకు ఆరోజు కూలి ఇవ్వాలి. గురువుకు జీతం ఉన్నప్పుడు, గురువుకు గురువుకు కూలి ఉండొద్దా?

5. బహుభాషా విద్య పుస్తకాలను మళ్లీ అచ్చువేయాలి. స్థానిక భాష తెలిసిన టీచర్లు షెడ్యూల్డు ప్రాంత బడుల్లో ఉండేలా ప్రభుత్వాలు చట్టం తేవాలి.

ఈ డిమాండ్లు నెరవేరేదాకా టీచర్లు ఆగాల్సిన పనిలేదు. మొదటి మూడింటికి జీవో అక్కర్లేదు, ఒక పెన్సిలు, ఒక కాగితం కావాలి. డిగ్రీ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివారం పిల్లలను వాగు దగ్గరికి తీసుకువెళ్లొచ్చు. ఊరికి వెనక్కి వచ్చి, పిల్లలు గీసినవి రచ్చబండ దగ్గర తాడుకు వేలాడదీయొచ్చు. పెద్దవాళ్లు వచ్చి చూస్తారు. ‘ఇది అలుగు కాదు, అలుగు తోక ఇంకా వెడల్పు’ అని తప్పు పడతారు. ఆ తప్పు పట్టడమే అసలైన మూల్యాంకనం. పిల్ల మళ్లీ గీస్తుంది, ఈసారి తోక వెడల్పుగా వస్తుంది.

తొలకరి దగ్గరపడింది. ఆరుద్ర పురుగులు నేలపైకి వస్తాయి. ఈ ఏడు వాటి కాళ్లు లెక్కపెట్టించండి.